అటు తిరిగిన కెటిల్

కెటిల్ మేస్త్రీకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, కానీ ఊళ్ళో దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు లేరు. తాపీ పని చేసేవాడు. వయసులో ఉండగా నలుచదరపు గదులు కట్టీ కట్టీ విసుగు పుట్టి, రోడ్డు పక్కనున్న తన కాస్త జాగాలో రెండంతస్తుల ఎత్తున టీ కెటిల్ కట్టాడు. లోపల ఇనప ఊచలు, మీద ఇటుక, సిమెంటు. రోడ్డు వైపు ఇంత లావు కొమ్ము, వెనక వంపు తిరిగిన పిడి, నెత్తిన బొడిపె ఉన్న మూత. కొమ్ము కింద తలుపు. తలుపు తీస్తే గుండ్రటి గదిలో టీ దుకాణం, ఓ వారగా మంచం, అదే కాపురం. గుండ్రటి గోడకి బీరువా ఆనదని భార్య మొదటి రోజే సణిగింది. తక్కినవాళ్ళు మేస్త్రీకి మతి పోయిందన్నారు. ఆయన ఎవరి మాటా చెవిన పెట్టలేదు.

జనం మాత్రం ఆగారు. అసలు ఆ ఊరి పేరే ఒక వింత, మర్యాదస్తులు పైకి చదవడానికి మొహమాటపడే పేరు. దారిన పోయేవాళ్ళు ఊరి బోర్డు కింద పళ్ళికిలిస్తూ ఫొటోలు దిగేవాళ్ళు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే మలుపు తిరిగితే ఎదురుగా కెటిల్. ఇక దిగక చస్తారా? దానికి తోడు భార్య తెలివి ఒకటి. మలుపు అవతల హారన్ వినబడగానే పొయ్యిలో ఓ పచ్చి పుల్ల దూర్చేది. పొగంతా గొట్టంలోంచి పోయి కొమ్ము చివర తెల్లగా బుసబుసా పైకి లేచేది. కెటిల్ కాగుతోందని పిల్లలు కేకలు పెట్టేవాళ్ళు, పెద్దవాళ్ళు చేసేది లేక టీ తాగేవాళ్ళు. ఆమె దగ్గుకుంటూ పోసేది. ఆ దగ్గు తర్వాత ఆమెను వదల్లేదు. ఫొటోల్లో దగ్గు పడదు కదా.

మేస్త్రీ ఎప్పుడూ ఒక్క మాటే అనేవాడు: తన కెటిల్‌ని చూసి ఆగకుండా పోయినవాడు లేడని. అది గొప్పలు పోవడం కాదు, నిజమే. నిజం కాబట్టే ఆయన కొంప ముంచింది.

కొత్త రోడ్డు కెటిల్ వెనకగా వేశారు. ఎత్తైన కట్ట, దాని మీద నున్నటి తారు. దాని బోర్డుల మీద ఈ ఊరి పేరే లేదు. రాయడానికి ఇంజనీర్లక్కూడా సిగ్గేసిందేమో. బస్సులూ లారీలూ అన్నీ అటు ఎక్కాయి. పాత రోడ్డు మీద కుక్కలు నడిమధ్యన పడుకోవడం మొదలుపెట్టాయి. దారి కనుక్కుని మరీ వచ్చేవాళ్ళు ఎప్పుడో ఒకరు.

మేస్త్రీ వెనక వైపు స్టూలు వేసుకుని పైన పోయే బళ్ళని చూస్తూ కూర్చునేవాడు. చూసి చూసి ఆయనకి తోచిందేమిటంటే, ఆ పోయేవాళ్ళకి కనబడేది కెటిల్ వీపు. వీపు చూసి ఎవరాగుతారు? కొమ్ము అటు పెడితే ఛస్తే కదలరు. ఈ మాట బావమరిదికి చెప్పాడు. అతను వెల్డరు, కొత్త రోడ్డు అంచున ఇనప కంచె వేసే పని అతనికే దొరికింది.

"బావా, ఆ కంచె వేస్తోంది నేనే. మధ్యలో ఎక్కడా సందు లేదు. ఆగుదామన్నా ఆగే చోటు లేదు," అన్నాడు అతను.

"చూడనియ్యిరా ముందు. చూశాక ఆగే చోటు వాళ్ళే వెతుక్కుంటారు."

భార్య ఆ రోజు మంచం దిగలేదు. తామున్నన్నాళ్ళూ కెటిల్‌ని ఉన్నట్టు ఉండనియ్యమని మాత్రం అంది. ఆయన అప్పటికే సమ్మెట కోసం వెతుకుతున్నాడు.

తన చేత్తో కట్టినదాన్ని తనే పగలగొట్టాడు. ముందు కొమ్ము, తర్వాత పిడి. పిడి మీద వేసిన దెబ్బలకి మూత బీటలిచ్చింది. నెత్తిన పడుతుందని దాన్నీ దింపాల్సి వచ్చింది. పాత తలుపు ఇటుకలతో మూసి పూత పూశాడు. కొత్త రోడ్డు వైపు గోడ తొలిచి తలుపు పెట్టి, దాని మీద కొత్త కొమ్ము నిలబెట్టాడు. అంతటితో ఒంట్లో ఓపిక అయిపోయింది. చెయ్యి భుజం దాటి లేవనంది. పిడి, మూత తర్వాత చూద్దామనుకున్నాడు. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు.

కొత్త రోడ్డు మీద జనం చూశారు, అది మాత్రం నిజం. బస్సు కిటికీల్లోంచి చేతులూపారు. లారీ డ్రైవరొకడు హారన్ కొట్టాడు. మేస్త్రీ మంచి చెయ్యి ఎత్తి ఊపాడు. అందరూ చూశారు, నవ్వారు, పోయారు. బావమరిది జన్మలో ఇంకే పనీ ఆ కంచె అంత గట్టిగా చేసి ఉండడు. మేస్త్రీ చెయ్యి ఊపడం మానేశాడు. స్టూలు తెచ్చి మళ్ళీ పాత రోడ్డు వైపు వేసుకున్నాడు.

ఒక సాయంత్రం పాత రోడ్డున కారొకటి మెల్లగా వచ్చి ఆగింది. నడివయసు మనిషి దిగాడు. వెనక సీట్లో ముసలి తల్లి, దిగే ఓపిక ఉన్న మనిషిలా లేదు. అతను గోడని ఎగాదిగా చూసి, ఇక్కడొక పెద్ద టీ కెటిల్ ఉండాలి కదా అని అడిగాడు. చిన్నప్పుడు అమ్మ తనని దాని ముందు నిలబెట్టి ఫొటో తీయించిందట. మళ్ళీ ఒకసారి చూడాలని ఆవిడ ఒకటే పట్టు పట్టిందట. ఎంత తిరిగినా ఈ నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనబడలేదట.

మాటలు విని భార్య గోడ వెంట తిరిగి వచ్చి నిలబడింది. నాలుగడుగులు వేసి అటు వైపు కొమ్ము చూడమంటే చాలు. ఆమె మొగుడి మొహంలోకి చూసింది. పిడి లేని, మూత లేని ఆ మొండిదాన్ని కెటిల్ అని చూపించడానికి మేస్త్రీకి నోరు రాలేదు.

"ఉండేదండీ. పగలగొట్టేశారు."

"ఎవరు?"

"ఎవడో మేస్త్రీ."

కారులోంచి ముసలావిడ, "అంత చక్కటిదాన్ని పగలగొట్టడానికి వాడికి చేతులెలా వచ్చాయి? పడిపోను వాడి చేతులు," అంది.

"అవునమ్మా," అన్నాడు మేస్త్రీ.

కారు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. భార్య గోడకి ఆనుకుని కింద కూలబడింది. దగ్గు తెర తగ్గేదాకా ఆగి, గొంతు సవరించుకుని అడిగింది.

"కట్టింది నువ్వేనని చెప్పొచ్చుగా?"

"వాళ్ళు అడగలేదు," అన్నాడు.