పాత ఫోల్డర్‌లో దొరికిన ఫైళ్లు

హిందీ మాట్లాడే ఇనుప గనుల ఊరు బచేలిలో, గని యంత్రాలు బాగుచేసే ఒక చిన్న కాంట్రాక్టరు ఆఫీసులో నేను మూడేళ్లు పనిచేశాను. నాన్నది ఆ ఊరి మీదుగా పోయే కిరండూల్ లైన్లో రైల్వే ఉద్యోగం. అందుకని నేనూ అక్కడే పెరిగి, అక్కడే పని చూసుకున్నాను. ఆఫీసులో ఉన్న రెండు కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసేది నేనే.

ఒక వర్షాకాలం మా గదిలోకి కొత్తగా ఒకాయన వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటాయి. పాతికేళ్లు డంపర్ల కింద పడుకుని రిపేర్లు చేసిన మెకానిక్. జాకీ జారి కుడిచేతి వేళ్లు రెండు పోయాక, ఇంటికి పంపేయకుండా రిపేరు రికార్డులు టైపు చేసే పని ఇచ్చారు. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని.

మేం వాడే టెక్స్ట్ ఎడిటర్‌లో అంతా కమాండ్లతోనే పని. 'సీడీ' అని కొట్టి పక్కన ఈ నెల ఫోల్డర్ పేరు రాస్తే ఎడిటర్ అందులోకి వెళ్తుంది. ఆ తర్వాత సేవ్ చేసినవన్నీ అక్కడే చేరాలి. బాబాయ్ ఇదంతా నోటుబుక్కులో తెలుగులో రాసుకుని, ఎడమచేతి ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొట్టేవాడు.

నెలాఖరున మేనేజరు ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా ఉంది.

"మహీనా భర్ క్యా కియా?" అని అందరి ముందూ గద్దించాడు. నెలంతా ఏం చేశావని. బాబాయ్‌కి హిందీ బాగానే వచ్చు. అయినా నోటుబుక్కు తీసి పేజీలు తిప్పసాగాడు. మేనేజరు వెళ్లాక నా వైపు తిరిగి, "నాను రాసినానమ్మా. రోజూ రాసినాను. ఏటైపోనాయో తెల్దు," అన్నాడు.

"నా ముందు ఒకసారి చేసి చూపించండి బాబాయ్."

సీడీ కొట్టాడు. ఒక్క అక్షరం తప్పు లేదు. తర్వాత నమూనా కోసం పాత రికార్డు ఒకటి తెరిచి, దాన్ని చూస్తూ కొత్తది రాసి సేవ్ చేశాడు. ఈ నెల ఫోల్డర్‌లో చూస్తే అది లేదు.

మళ్లీ మొదట్నించీ చేయించాను. ఈసారి అడుగడుగునా, మనం ఏ ఫోల్డర్‌లో ఉన్నామో చెప్పే కమాండు కూడా కొట్టించాను. సీడీ తర్వాత సరైన పేరే వచ్చింది. పాత రికార్డు తెరిచాక మాత్రం ఆ రికార్డున్న పాత ఫోల్డర్ పేరు వచ్చింది. అందులోకి వెళ్లి చూస్తే ఆయన నెల రోజుల పనీ అక్కడే ఉంది. బాబాయ్ తెర మీద వేలు పెట్టి ఒక్కో ఫైలు పేరూ పైకి చదువుకున్నాడు.

ఎందుకిలా జరిగిందో చూద్దామని ఎడిటర్ సెట్టింగుల ఫైలు తెరిచాను. ఏ ఫైలు తెరిస్తే దాని ఫోల్డర్‌లోకే వెళ్లిపొమ్మని చెప్పే వాక్యం ఒకటి ఉంది అందులో. బాబాయ్ రాకముందు ఆ కంప్యూటర్ నేను వాడేటప్పుడు, నా పని సులువు కావాలని నేనే రాసుకుని, మరిచిపోయాను.

తీసేస్తే అయిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. భోజనాల వేళ దాకా ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. చివరికి టిఫిన్ డబ్బా కూడా తెరవకుండా ఆయన దగ్గరికి వెళ్లి చెప్పాను.

ఏమీ ఫర్వాలేదంటాడనుకున్నాను. అనలేదు.

"అందరి ముందూ మాటపడ్డానమ్మా," అన్నాడు మెల్లగా. "సారుకి నువ్వే చెప్పు."

చెప్పాను. మేనేజరు లేచి మా గదిలోకి వచ్చాడు. అందరూ ఉండగానే బాబాయ్‌తో, "గల్తీ ఆప్ కీ నహీ థీ," అన్నాడు. తప్పు మీది కాదు అని. క్షమించమనే మాట రాలేదు గానీ, 'ఆప్' అని మర్యాదగా అనడం మేమంతా విన్నాం.

ఆ వాక్యం తీసేశాను. ఫైళ్లన్నీ చోటు మార్చాను. బాబాయ్ నాలుగైదు రోజులు నాతో పనికి మించి మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. "ఇంత పెద్ద ఫైల్లో ఒక మాట ఎక్కడుందో వెతకాలంటే ఏటి కొట్టాలమ్మా?" అని అడిగాడు. ఆయన కూర్చునేందుకు నా పక్క కుర్చీ మీది కాగితాలు తీసి కింద పెట్టాను.