కూతురి తరగతిలో అక్క పాఠం

నేను బీఎడ్ చదివిన ఏడాది మా బ్యాచ్‌లో అందరికన్నా పెద్దది ఒక అక్క. మిగతా వాళ్లమంతా డిగ్రీ కాగానే నేరుగా వచ్చి చేరినవాళ్లం. ఆమె ఇంటరు మధ్యలో పెళ్లయి, పిల్లలు కాస్త ఎదిగాక దూరవిద్యలో డిగ్రీ ముగించి, ఎంట్రెన్స్ రాసి సీటు తెచ్చుకుంది. భర్త నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మా ఇల్లూ నాచారంలోనే కావడంతో ఇద్దరం ఒకే షేర్ ఆటోలో ఉప్పల్ కాలేజీకి వెళ్లేవాళ్లం. ఆటోలో ఆమె ఒళ్లో ఎప్పుడూ చుట్టిన చార్టులుండేవి. పక్కవాళ్లకు గుచ్చుకుంటాయేమోనని వాటిని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేది.

మొదట్లో మాకు మైక్రో టీచింగ్ ఉండేది. మాలో కొందరం పిల్లల్లా బెంచీల మీద కూర్చుంటే, ఒకరు కాసేపు పాఠం చెప్పాలి. ప్రశ్నలు అడగడం ఒకరోజు, నల్లబల్ల వాడటం ఇంకోరోజు. పిల్లల్లా ఉండమన్నారని కొందరు మరీ నటించేవారు. ఒకతను ఎవరు పాఠం మొదలుపెట్టినా లేచి "టీచర్, నీళ్లు తాగొస్త" అనేవాడు. మేం తడబడి నవ్వేసేవాళ్లం. అక్క మాత్రం నల్లబల్ల వైపు నుంచి తిరగకుండానే, "పోయి జల్ది రా" అనేది. అతను నిజంగానే లేచి వెళ్లిపోయేవాడు. మా సైన్స్ సార్ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, చాలా కచ్చితం. ఆయన కూడా ఆ క్షణంలో నవ్వు కనబడకుండా కిటికీలోంచి బయటికి చూసేవారు.

తర్వాత టీచింగ్ ప్రాక్టీస్ వచ్చింది. మా ఇద్దరినీ నాచారం దగ్గరి ఒక ప్రభుత్వ హైస్కూలుకు వేశారు. అక్కకు తొమ్మిదో తరగతిలో జీవశాస్త్రం. ఆమె పెద్దకూతురు చదివేది ఆ బడిలో, ఆ తరగతిలోనే.

ఆ ఆదివారం చార్టులు గీయడానికి నేను వాళ్లింటికి వెళ్లాను. అక్క ఆకు బొమ్మకు రంగు వేస్తోంది. కూతురు గడప దగ్గర నిలబడి, నేనున్నానని కూడా చూడకుండా అడిగేసింది.

"అమ్మా, నువ్వు మా క్లాసుకు రాకే."

"నేను గావాల్నని తీసుకున్ననా? వాళ్లేసిన్రు."

"మార్పియ్యమను. పొల్లగాళ్లు నన్ను ఏడిపిస్తరు."

"ఏమని?"

"మీ అమ్మకు ఇప్పుడు యాదికొచ్చిందా సదువు, అని" అంది.

అక్క బ్రష్షు నీళ్లలో పెట్టింది. కోప్పడలేదు. మర్నాడే సార్ దగ్గరికి వెళ్లి తరగతి మార్చమని అడిగింది. నేనూ పక్కన ఉన్నాను. టైంటేబుల్ బడివాళ్లు ఖాయం చేశారని, ఇక కుదరదని ఆయన మెల్లగానే చెప్పారు.

అలా మొదలైంది. నాకు ఖాళీ పీరియడ్ ఉన్నప్పుడు వెనక బెంచీలో కూర్చుని ఆమె పాఠం చూసేదాన్ని. అక్క అందరినీ ప్రశ్నలడిగేది, కూతుర్ని తప్ప. ఆ పిల్ల కిటికీ పక్కన తల వంచుకుని కూర్చునేది. మిగతా పిల్లలు మొదటి రెండ్రోజులు తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత వాళ్లకే విసుగొచ్చి మానేశారు. ఆ ఇద్దరికే అలవాటు కాలేదు.

సార్ పరిశీలనకు వచ్చిన రోజు పాఠం, మొక్కలు ఆహారం తయారుచేసుకోవడం. అక్క ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుంది. ఆకులు, ఎండ, గాలి, నీరు, అన్నీ చక్కగా వచ్చాయి. చివర్లో "ఏమన్న అడగాల్నా?" అంది. కిటికీ పక్క నుంచి చెయ్యి లేచింది.

"టీచర్, మా ఇంట్ల ఉల్లిగడ్డ గంపల చీకట్లనే మొలకొస్తది. దానికి ఆకుల్లేవు, ఎండ లేదు. మరి తిండి యాడికెళ్లి వస్తది?"

తల్లిని ఆ పిల్ల టీచర్ అని పిలవడం అదే మొదలు. అక్కకు జవాబు తెలియక కాదు. మరోరోజైతే టక్కున చెప్పేది. కానీ ఆ పిలుపుకు ఆమె మొహమంతా మారిపోయింది. చేతిలోని సుద్దముక్కను టేబుల్ మీద పెట్టేసింది. వెనక కూర్చున్న సార్ కలం ఆపి తలెత్తారు.

"నాకిప్పుడు తోస్తలేదు బిడ్డా, రేపు చెప్త" అంది చివరికి.

వచ్చేటప్పుడు దారిలో అడిగాను, కూతురు కావాలనే ఇరికించిందా అని.

"ఏమో, నాకైతే తెల్వదు. ఇంట్ల అడిగితే ఆ ఉల్లిగడ్డ కోసి కూర్ల ఏస్తుంటి" అని నవ్వింది. ఆమె కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

మర్నాడు రెండు ఉల్లిగడ్డలు తెచ్చింది, ఒకటి గట్టిది, ఒకటి మొలకొచ్చి మెత్తబడింది. పిల్లలందరి చేతుల్లోనూ పెట్టి నొక్కి చూడమంది. పొలంలో ఉన్నప్పుడు ఆకులు వండిన తిండే పొరల్లో దాచి ఉంటుందని, మొలక దాన్నే తిని పెరుగుతుందని, అందుకే గడ్డ వడలిపోతుందని చెప్పింది. ఈసారి కూతుర్ని కూడా లేపి అడిగింది. పిల్ల జవాబు చెప్పింది.

ఆ రోజు పరిశీలన లేదు. అయినా సార్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. బెల్లు కొట్టాక అక్కతో, "నిన్న ఏదో ఒకటి చెప్పి దాటేస్తారనుకున్నానమ్మా. ఉద్యోగంలో మొదటి ఏడాది నేను అదే చేశాను" అన్నారు.

పరీక్షల ముందు వాళ్లింట్లోనే చదువుకునేవాళ్లం. సైకాలజీలో కౌమార దశ పాఠం అక్క పైకి చదువుతుంటే కూతురు వెనక నుంచి తొంగిచూసేది. "మా గురించి గిట్ల రాసిన్రా? సగం అబద్ధం" అనేది. "ఏ సగమో చెప్పు, రాసుకుంట" అనేది అక్క. ఆ పిల్ల నిజంగానే కూర్చుని చెప్పేది.

ఇద్దరం పాసయ్యాం. తర్వాత ఏళ్లలో ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగే బందులు, ధర్నాల మధ్య ప్రభుత్వ టీచరు ఉద్యోగాల నోటిఫికేషన్ల కోసం ఎదురుచూశాం. అక్కకు భువనగిరి వైపు ఒక ఊళ్లో ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు. నాగారంలో ఒక ప్రైవేటు బడిలో చేరి అక్కడే ఉండిపోయాను. కొన్నాళ్లు బాధపడ్డాను, తర్వాత పిల్లల్లో పడి మరిచిపోయాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది అక్క కూతురి పెళ్లికి వెళ్లాను. అప్పటికి ఆ అమ్మాయి బ్యాంకులో పనిచేస్తోంది. నువ్వూ టీచరువి అవుతావనుకున్నాను అని అంటే, మెహెందీ పెట్టిన చేతులు ఆరడానికి గాల్లో పెట్టుకుని నవ్వింది.

"నాతోని గాదక్కా. పొద్దంతా ఎవరు అడిగినా చెప్పాలంటే ఎంత ఓపిక గావాలె. అమ్మకున్నది, నాకు లేదు."