బతికున్నోళ్ల వార్తలు

"పాటలకేం కరువు లేదు బిడ్డా. ఒక స్టేషన్ల ఒడిసిన పాట ఇంకో స్టేషన్ల షురువైతది. నడుమల ఒకడు నవ్వుతడు, ఎందుకు నవ్వుతాండో వానికే తెల్వదు. మన వరంగల్‌కు లేంది గది కాదు."

"మరేది లేదు కాకా?"

"బతికున్నోళ్ల వార్తలు."

స్వప్న ఫోనును ఆయన నోటికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. కొత్తగా మొదలైన ఎఫ్ఎం స్టేషన్ కోసం, ఈ ఊరి రేడియోలో ఏ రకం కార్యక్రమాలు లోటో తెలుసుకుంటూ పొద్దుటి నుంచి బజారులో తిరుగుతోంది. చర్చి పాటలు ఆదివారానికేనా అని రాహేలు టీచరమ్మ తగువు పెట్టుకుంది. ఏ రైలు ఎంత లేటో చెప్పే స్టేషన్ పెడితే రోజంతా విరామం లేకుండా నడుస్తుందని డోర్నకల్ పెద్దమనిషి ఒకాయన భరోసా ఇచ్చాడు. ఇలాంటిది మాత్రం ఎవరూ అడగలేదు.

కట్టయ్య చేలకు మందు కొట్టే పంపులు బాగుచేస్తాడు. దుకాణంలో మేకుకు వేలాడే రేడియో, కిరోసిన్లో నానుతున్న నాజిళ్లు, ఖాళీ బల్ల. పత్తికి పురుగు పట్టే ఈ రోజుల్లో ఆ బల్ల మీద పంపులు గుట్ట పడి ఉండాలి.

"నేను పోయిన్ననుకుంటాన్రు," అన్నాడాయన, వాన రాలేదని చెప్పినంత మామూలుగా.

ఆ మధ్య జ్వరమొచ్చి దవాఖానలో పడితే, ఆయన భార్య సమ్మమ్మ మేడారం తల్లులకు మొక్కుకుంది, మనిషి ఎత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే అక్కడ బెల్లమే. ఇంటికొచ్చాక, బెల్లంతో తూచడానికి వాకిట్లో కాంటా పెట్టి, మీద కుర్చీ వేసి, పసుపు రాసి, దండేసి కూర్చోబెట్టారు. నీరసానికి ఒరిగిపోకుండా తువ్వాలుతో కట్టారు. ఎండ హాయిగా ఉండి ఆయన నిద్రపోయాడు. ఇన్నాళ్లకు మొగుడు ఇల్లు చేరాడని సమ్మమ్మ బోరుమంది. సరిగ్గా అప్పుడే, బస్తీలో చావు కబుర్లు చాటే ఉప్పలయ్య మైకు ఆటో అటుగా వచ్చింది.

"మా ఇండ్లల్ల పీనుగను కుర్చీల కూసోబెట్టే తీస్కపోతరు. వాని తప్పేమున్నది? ఏడ్సే ఇంట్ల ప్రశ్నలడుగుడు మర్యాద గాదని మైకు పట్టిండు. మెలకువొచ్చేసరికి, కట్టయ్య కష్టజీవి, ఒకల నోట్ల మాట పడలేదు అనుకుంట చెప్తాండు. లేచి ఆపుదామనుకున్న. ఇంకేమన్న మంచిగ చెప్తడేమోనని జర ఆగిన."

"గా ఆగుడే కొంప ముంచింది," లోపలి నుంచి సమ్మమ్మ. "ఆటో బస్‌స్టాండ్ దాక పాయె."

మధ్యాహ్నానికి బావమరిది శేఖర్ ఘన్‌పూర్ నుంచి దండతో దిగాడు. బావ అన్నం తింటూ కనిపించేసరికి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"మళ్లీ ఉప్పలయ్యతోనే చెప్పించకపోయారా, ఉన్నారని?" అడిగింది స్వప్న.

"చెప్పిపిచ్చినం. పోయిండంటె ఒక్కసారికే నమ్మిన్రు. బతికిండంటె, దుకాణం నడువాలె గద, కొడుకులు అట్లనే చెప్పిపిస్తరంటాన్రు. ఊర్ల రైతులు బస్సు దిగి అవుతలి దుకాణానికి పోతాన్రు. ఆడ కూసోని నన్ను మస్తు పొగుడుతాన్రట. పంపులు మాత్రం వానికే ఇస్తాన్రు."

స్వప్నకు నవ్వొచ్చింది. ఖాళీ బల్ల చూసి ఆపుకుంది.

"మా రేడియోలో చెబితే నమ్ముతారా?"

"ఉప్పలయ్య మైకు బస్తీ దాటదు. నా చావు బస్సెక్కి ఊర్లకు పోయింది. దాని ఎనుక ఉరికేది రేడియో ఒక్కటే. చేన్ల మందు కొట్టెటోని అంగి జేబుల ఫోన్ల అదే మోగుతది. మీరు సచ్చినోళ్ల దినాలు యాది చేసి పాటలేస్తరు, బతికున్నోన్ని ఒక్కపారి పిలువరు. కోలుకున్నోడు, దవాఖాన నుంచి ఇంటికొచ్చినోడు, వీళ్ల ముచ్చట ఎవలు చెప్పాలె?"

"మా సార్‌ను అడుగుతాను కాకా. కానీ నా మాట మీద..."

"నీ మాటెందుకు, నా గొంతే తీస్కపో."

ఆయన తువ్వాలు సవరించుకుని ఫోను ముందుకు వంగాడు. "నేను పంపుల కట్టయ్యను. ఉన్న. దుకాణం తెరిచే ఉన్నది." అంతే. ఇంకేమైనా చెబుతారా అని అడిగితే, మంచి మాటలన్నీ ఉప్పలయ్య అప్పుడే చెప్పేశాడన్నాడు.

ఆమె స్కూటీ తిప్పుతుంటే మళ్లీ కేకేశాడు.

"బిడ్డా, పొద్దుగాల్నే ఎయ్యి, చేన్లకు పోకముందు. ఎనుక మ్యూజిక్ మాత్రం పెట్టనియ్యకు. జర ఏడుపు రాగమొచ్చిందంటే శేఖర్ మల్ల దండ పట్టుకొని దిగుతడు."