బండికి పోసిన ఒడిబియ్యం

నిన్న పటాన్‌చెరు దాటాక ముంబై రోడ్డు పక్కన మా కారు కడిగించాను. నురగ, తడిసిన మ్యాట్లు, ఇంజను వేడికి ఆవిరెక్కిన మట్టి, అన్నీ కలిసిన వాసన ముక్కుకు తగలగానే, ఇస్నాపూర్‌లో మా ఇంటి ముందు గల్లీ అంతా కలిసి గ్రేస్ మేడం నీలం కారు కడిగిన ఎండాకాలం గుర్తొచ్చింది.

గ్రేస్ మేడంది కెన్యా. దగ్గర్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో జొన్న విత్తనాల మీద పని చేసేది. భర్తతో కలిసి మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండేది. మా యాస నేర్చుకుని మాలాగే మాట్లాడేది. ఆమె కారు కూడా ఆమె వెనకాలే ఓడెక్కి సముద్రం దాటి, ముంబైలో దిగి, లారీ మీద మా గల్లీకి వచ్చింది. చెరువు అవతలి గట్టే మాకు దూరదేశం, అలాంటిది సముద్రం దాటొచ్చిన బండిని ముట్టుకోవడమంటే ఒళ్లు జలదరించేది. లోపల అలల చప్పుడు ఇంకా మిగిలుందేమోనని డోరుకు చెవి ఆనించేవాళ్లం. వానాకాలంలో నిప్పుల మీద కాల్చిన మక్కకంకులు, బతుకమ్మ పండుగకు నువ్వుల సత్తుపిండి, చలికాలంలో ఉడికించిన అనపకాయలు, అన్నీ ఆ సీట్ల మీదే కూర్చుని, సందుల్లో సగం రాల్చుకుంటూ తిన్నాం.

మా నానమ్మకు అందరూ కొడుకులే. మా దిక్కున అత్తారింటికి వెళ్లే బిడ్డ ఒడిలో ఒడిబియ్యం, అంటే పసుపు, నూనె కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు పోసి పంపుతారు. మళ్లీ కొన్నేళ్లకొకసారి పుట్టింటికి పిలిచి పోస్తారు. ఎవరింట్లో ఆ వేడుక జరిగినా నానమ్మ ఓ మూల నిలబడి కళ్లొత్తుకునేది. ఆడబిడ్డ లేని ఇంటికి ఆ భాగ్యం లేదని ఆమె దిగులు.

గ్రేస్ మేడంకు ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చింది. భర్త ముందే అక్కడికి వెళ్లాడు. కారునూ తీసుకెళ్తానంది. అయితే పరాయి మట్టిపెళ్ల, ఎండుటాకు, ఒక్క గింజ కనిపించినా ఆ దేశం బండిని లోపలికి రానివ్వదట.

"ఒక్క గింజకు గంత భయపడ్తరా?" అని నానమ్మ ముక్కున వేలేసుకుంది. నాకూ అదొక వింతే. రోజూ కోళ్లకు చల్లే గింజను చూసి ఒక దేశం దేశమే భయపడటం!

మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపు చక్రాలు విప్పి కడిగాడు. మేం జడపిన్నులతో సీట్ల కుట్లలోంచి నువ్వులు, మక్క పొట్టు ఏరాం. చివరికి కారు పెళ్లికూతురిలా తళతళలాడింది.

మేడం వారం తర్వాత విమానంలో వెళ్లాలి, కారు మాత్రం ముందే బయలుదేరింది. ఆ పొద్దున లారీ వచ్చి ఆగి, అందరూ కారెక్కించడానికి పలకలు సర్దుతుంటే, నానమ్మ తలస్నానం చేసి పట్టుచీర కట్టుకుని, చేటతో వచ్చింది. ఎవరూ చూడకముందే దోసిళ్లతో డ్రైవర్ సీట్లో పచ్చటి ఒడిబియ్యం పోసేసింది.

బాపు నెత్తి పట్టుకున్నాడు. "ఏం పని జేసినవే అవ్వా! ఇగ బండిని ఆడ దిగనిస్తరా?"

"బిడ్డ ఇంటికి పోయే బండిరా. ఒట్టిగ ఎట్ల పంపుత?" అంది నానమ్మ.

మేడం కోప్పడుతుందనుకున్నాను. ఆమె సీటు వంక, నానమ్మ వంక చూసింది. గింజ గింజా చేటలోకి ఎత్తి నానమ్మ చేతికిచ్చి, మా అరుగు మీద కూర్చుని, వాళ్ల దేశపు పూలగుడ్డ ఒడిలో పరిచింది.

"బండికి పోసినవ్. నాకు పొయ్యవా, అవ్వా?"

ఒడి నింపుతున్న నానమ్మ మొహంలాంటి మొహం నేను మళ్లీ చూడలేదు.

లారీ సాయంత్రం దాకా ఆగింది. మేం సీట్లు మళ్లీ శుభ్రం చేశాం. ఒడిబియ్యం వండి అయినవాళ్లకు పెట్టుకోవాలి కదా, దేశం దాటని ఆ బియ్యాన్ని మేడం మా పొయ్యి మీదే వండి లారీ డ్రైవరుతో సహా అందరికీ వడ్డించింది. కారు క్షేమంగా ఆ గడ్డ మీద దిగిందని తర్వాత ఫోన్ చేసింది. ఆపైన నానమ్మ పిలిస్తే రెండుసార్లు వచ్చి, ఒడి పోయించుకుని, ఇక్కడే వండుకు తిని వెళ్లింది.

ఇప్పుడు ఆ గల్లీ నిండా కార్మికుల కిరాయి గదులు. జొన్నచేలల్లో షెడ్లు లేచాయి. అనపకాయలు ఉడికే వాసనే లేదు. పోయిన వానాకాలంలో నానమ్మ పోయింది. ఆ మాట ఫోన్‌లో చెబితే మేడం అడిగింది:

"ఇగ నన్ను ఎవరు పిలుస్తరు?"