సత్రంలో అడుగంటిన కూర

ఆ యాత్ర దారిలో నడిచేవాళ్లకి దేవుడి కంటే ముందు గుర్తొచ్చేది సత్రం పెద్దమ్మ. పేరు అడగదు, ఊరు అడగదు. గుమ్మంలో కాళ్లకి నీళ్లిచ్చి, "నీ వెనక ఇంకెవరైనా వస్తున్నారా?" అని మాత్రం అడుగుతుంది. ఆ జవాబును బట్టే పొయ్యి మీదికి పెద్ద గిన్నె ఎక్కాలో చిన్న గిన్నె ఎక్కాలో తేలుతుంది.

నేను చేరేసరికి పొద్దు వాలుతోంది. మడమలు బొబ్బలెక్కాయి, ఆకలికి ఒళ్లు మండిపోతోంది. అలాంటప్పుడు నన్ను కదిలిస్తే అంతే సంగతులు.

"ఒకావిడ వస్తోంది, కుంటుకుంటూ. చెయ్యి అందించబోతే గయ్యిమంది. 'నీ సాయం తీసుకెళ్లి నీ ఇంట్లోవాళ్లకి చెయ్యి, పో' అంది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే!" అన్నాను.

పొయ్యి మీద కూర కలుపుతున్న పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నడుం మీద చెయ్యి పెట్టుకుని అందా?"

"అవును."

"అయితే మా చెల్లెలే."

తల్లి మంచాన పడితే చాకిరీ అంతా ఆ చెల్లెలే చేసిందట. పెద్దమ్మ మాత్రం యాత్రికుల కాళ్లకి కట్లు కడుతూ ఇక్కడే ఉండిపోయింది.

"వస్తాను, వస్తాను అంటూనే ఉన్నాను. అమ్మ పోయాక వెళ్లాను. అప్పట్నుంచి అది నాతో మాట్లాడదు. చూడు, ఇప్పుడూ లోపలికి రాదు. ఆ కాళ్లతోనే కొండ దాటుతుంది, మొండిఘటం."

గరిటె నా చేతిలో పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. నాకా, నీళ్లు కాచడమే అంతంతమాత్రం! గరిటె పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను.

చెల్లెలు అక్కని చూసి కూడా ఆగలేదు. పెద్దమ్మ ఆపలేదు, బతిమాలలేదు. పక్కనే నడిచింది. ఇద్దరూ సత్రం గుమ్మం ముందు నుంచే వెళ్లిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఇంకాస్త దూరం పోయాక చెల్లెలు తల వంచి, కంకర మీద అక్క వట్టి కాళ్లు చూసింది. సత్రం వైపు వెనక్కి తిరిగింది.

వాళ్లు లోపలికి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దమ్మ ఆ కూరే వడ్డించింది. చెల్లెలు ఒక ముద్ద తిని మొహం చిట్లించింది.

"ఇంతమందికి వండిపెడుతున్నావు, ఇంకా వంట రాలేదా అక్కా నీకు?"

నేను నోరు తెరవబోయాను. పెద్దమ్మ కళ్లతోనే ఆపింది.

"రాలేదే. నాలుగు రోజులుండి నేర్పిపో."

చెల్లెలు ఇంకాస్త వెయ్యమని కంచం ముందుకి జరిపింది.