మంట లేకుండా నూరి రంగు మార్చిన పొడి: తిరుమణి నుంచి పావగడకు

నలభై ఏండ్లు రోళ్లకు, తిరగళ్లకు ఉలితో గంట్లు కొట్టి బతికినవాణ్ని. నూరడం గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు. పోయిన నెల మా తిరుమణికి సోలారు పలకలు చూడటానికి వచ్చిన పావగడ కాలేజీ కెమిస్ట్రీ మేడమ్, "నీళ్లు పోయకుండా, మంట పెట్టకుండా, ఉత్తగా నూరితేనే రెండు పొడులు వేరే పదార్థమవుతాయి తాతా" అంది. "ఉప్పూ మిరపకాయా నూరితే కారమే వస్తాదమ్మా. నా చేత్తో నేనే నూరి, కాదని చూపిస్తా" అని ఊరందరి ముందర అనేశాను. అన్నాక పోక తప్పుతుందా?

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు నేనూ, నా భార్య నరసమ్మా సర్కారు బస్సెక్కాము. దారి పొడుగునా పలకలే. కండక్టరు, "ఆయమ్మకు ఫ్రీ. నీకే తాతా దుడ్డు" అన్నాడు. "ఇయ్యప్పా, మొగోడివి కదా" అని నరసమ్మ నవ్వింది. ముప్పై రూపాయలిచ్చాను. పావగడ బస్టాండులో ఆటోవాడు నలభై అడిగాడు. మేము కొండ దిక్కుగా కాలేజీకి నడిస్తే పది నిమిషాలే పట్టింది.

మేడమ్ మా ఇద్దరికీ రబ్బరు తొడుగులు, మాస్కులు ఇచ్చింది. పింగాణీ కల్వంలో ఒక తెల్ల పొడి, ఒక లేత పసుపు పొడి పోసింది. రెండూ పక్కపక్కనే ఊరక పడి ఉన్నాయి. ముప్పై మంది పిల్లలు చూస్తుండగా కల్వంలోని నూరే బండ పట్టి దంచాను. పొడి అంచుకెక్కింది గానీ రంగు మారలేదు. "చూసినారా, ఏం కాలేదు!" అన్నాను.

"అది దంచేది కాదు, నూరేది. జరుగు," అంది నరసమ్మ. "యాపొద్దన్నా చట్నీ నూరినావా నువ్వు?"

పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె బండను అడుక్కి ఒత్తి, గుండ్రంగా తిప్పింది. కొద్దిసేపటికే పొడి తడిసినట్టు ముద్దయి, నారింజ పండు రంగుకు తిరిగింది.

"నీళ్లు యాడివమ్మా?" అని మేడమ్‌ను అడిగాను.

"రెండూ కలిసేటప్పుడు వాటిలోంచే కొంచెం పుడతాయి. పైపైన తగిలితే చాలదు తాతా, ఒత్తి రాయాలి. పెద్ద ఎత్తున చేయాలంటే ఉక్కు గుండ్లు వేసిన డబ్బాను యంత్రం ఊపుతుంది."

ఎన్ని వేల రోళ్లకు గంట్లు కొట్టానో, ఒక్కదాంట్లోనూ పిడికెడు గింజలు నూరలేదు. రాయికి పదును పెట్టాను గానీ, దానిమీద బలం పెట్టే చేతులను ఎన్నడూ చూడలేదు. సాయంత్రం ఊళ్లో, ఆపొద్దు నేనన్నది తప్పు అని అందరికీ చెప్పాను.

మీరూ ఇది చూడాలని ఆ కాలేజీకి పోతే మేడమ్‌ను ముందే అడిగి పోండి. మీ ఇంట్లో నూరేవాళ్లను వెంట తీసుకుపోండి. బండ మొదట వాళ్ల చేతికివ్వండి.