అమ్మ నోటికో ఎడిటరు

మా అమ్మను మాట్లాడవద్దన్నారు. ఇది ఎంత పెద్ద ఉపద్రవమో మా వీధివాళ్లకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. కోయంబత్తూరు పాత బజారులో మాది పాత్రల అంగడి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి బస్సు హారన్ల మీదుగా, పక్క కొట్లో ఇత్తడి మీద పడే సుత్తి దెబ్బల మీదుగా కేకలేసి బేరాలు తెంచిన గొంతు ఆమెది. ఆ గొంతులో కాయలు కాశాయని డాక్టరు వాటిని తీసేశాడు. మళ్లీ తాను చెప్పేదాకా పూర్తి మౌనం అన్నాడు. గుసగుస కూడా పనికిరాదట, అది ఇంకా చెడ్డదట. ఈలోపల నోరు తెరిస్తే గొంతు శాశ్వతంగా పోవచ్చన్నాడు. బుద్ధిగా నోరు మూసుకున్నా పాత గొంతే తిరిగి వస్తుందని మాత్రం మాటివ్వలేదు.

ఆ చివరి ముక్క అమ్మ విననట్టు ఊరుకుంది. నేనూ విననట్టే ఊరుకున్నాను.

మొదట పలక ఇచ్చాం. సుద్దపొడికి దగ్గు వచ్చింది, దగ్గూ కూడదు. కాగితం ఇస్తే కోపంలో ఆమె రాసేది ఆమెకే అర్థం కాలేదు. ఫోనులో అక్షరాలు చీమల్లా ఉన్నాయని విసిరి పారేసింది. చివరికి అంగడిలో బిల్లులు కొట్టే ముసలి ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టాను. పెళ్లికి ముందు అమ్మ తమిళ టైపింగు నేర్చి పరీక్షలు కూడా పాసయింది. వేళ్లు ఏమీ మరిచిపోలేదు. టకటకా కొట్టడం మొదలుపెట్టింది. కొట్టేది మా ఇంటి తెలుగు, అక్షరాలు తమిళం. మా ఇళ్లలో తెలుగు నోటికే గాని చేతికి లేదు. పెళ్లి పిలుపులైనా, అత్తకు జాబైనా తెలుగు మాటను తమిళ అక్షరాల్లోనే రాసుకుంటాం. తమిళంలో గకూ కకూ ఒకటే అక్షరం, గ ఎక్కడో క ఎక్కడో ఇంటివాళ్లకు తెలుసు.

నాలుగు రోజులు గడిచాయో లేదో ల్యాప్‌టాప్‌లో డిస్కు చచ్చింది. అదీ అమ్మ మా తమ్ముణ్ణి తిడుతూ సగం వాక్యంలో ఉండగా. మిగిలిన సగం ఆమె నోటిదాకా రావడం నాకు కళ్లారా కనిపించింది. పరుగెత్తి వెళ్లి చేతులు పట్టుకున్నాను.

నేను తిరుప్పూరు బనియన్ కంపెనీలకు కంప్యూటర్లు బాగుచేస్తాను. పడిపోయిన యంత్రాన్ని లేపడానికి నేను కూర్చుకున్న చిన్న లినక్సు ఒకటి పెన్‌డ్రైవులో నా తాళాలగుత్తికి వేలాడుతూ ఉంటుంది. డిస్కు చచ్చినా సరే, దీన్ని గుచ్చితే చాలు, మొత్తం మెమరీలోకి ఎక్కి కూర్చుంటుంది. ఆపేస్తే ఏమీ గుర్తుండదు. లోపలి ఫైళ్లను బయటికి లాగడం, చెడిన సెట్టింగులు దిద్దడం, అంతే దాని పని. దిద్దడానికి నల్లతెర మీద తెల్ల అక్షరాలు కొట్టే ప్రోగ్రాము, దాన్నే ఎడిటరు అంటాం, అది నాకు చాలు. మౌసు పట్టుకుని నొక్కే ఎడిటర్లు బరువు, దండగ అని నలుగురిలో గొప్పలు పోయినదాన్ని. ఇప్పుడు అదే పెన్‌డ్రైవులోకి మా అమ్మ కోసం అలాంటి దండగ సరుకే ఒకటి వెతకాల్సి వచ్చింది. కొత్త డిస్కు వచ్చేదాకా ఆగుదామంటే ఆగేది అమ్మ కాదు గదా.

మొదట అన్నిటికంటే తేలికైనది పెట్టాను. కన్ను మూసి తెరిచేలోపు తెరుచుకుంది, నాకు ముచ్చటేసింది. అమ్మ రెండు మాటలు కొట్టి నా వైపు చూసింది. తమిళంలో ఎకారపు గుర్తును కొమ్ము అంటారు, పాత టైపులో దాన్ని ముందు కొట్టి, అక్షరం తర్వాత కొట్టాలి. ఆమె వేళ్లకు ఆ వరుసే తెలుసు. ఈ ఎడిటరుకు అది తెలియదు. కొమ్ములన్నీ చుక్కల గుండ్రాలకు తగులుకుని, అక్షరాలకు దూరంగా నిలబడ్డాయి. అమ్మ చెంచా తీసుకుని ఇత్తడి తపేలా మీద ఠంగుమని కొట్టింది. నన్ను పిలవడానికి ఇత్తడి, తమ్ముణ్ణి పిలవడానికి స్టీలు పళ్లెం. పక్కనే ఉన్నా కొట్టింది.

రెండోది ప్రోగ్రాములు రాసేవాళ్లది. కొమ్ములు బుద్ధిగా అతుక్కున్నాయి. కానీ దానికి తొందర ఎక్కువ. అమ్మ సగం మాట కొట్టేలోపు మిగతా సగం తానే ఊహించి కింద చూపిస్తుంది. తన మాట ఇంకొకరు అందుకుంటే మా అమ్మకు ఒళ్లు మండుతుంది. పైగా పక్కన వరుస అంకెలు.

"ఈ లెక్క ఏంటికే? నేను ఎన్ని మాట్లు తిట్టితినో అది ఎంచుతుండాదా?" అని కొట్టింది.

అంకెలు తీసేశాను, ఊహించడం ఆపేశాను. అన్నీ తీసేశాక కూడా అది మెమరీ తినడం మానలేదు, ముసలి ల్యాప్‌టాప్ ఆయాసపడింది. మూడోది సాదాసీదాగా బాగానే ఉంది గాని, మూసిన ప్రతిసారీ "దాచమంటారా?" అని అడుగుతుంది.

"దాచేదానికి ఇదేమన్నా నగనా? తిట్టితిని, అయిపోయె. దాన్ని నోరు మూసుకోమను" అని కొట్టి, అదే అడ్డుపడితే ల్యాప్‌టాప్ మూతే మూసేసింది.

ఆ రోజుల్లో నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తిరుప్పూరు బస్సులో కూర్చుని ఫోనులో ఎడిటర్ల గురించి చదివేదాన్ని. కంపెనీలో సర్వరు పడిపోయి మేనేజరు గోల పెడుతుంటే, నేను ఇంకో ఎడిటరు దించుకుని అమ్మ రాసే ఎకారాలు కొట్టి చూసేదాన్ని. ఒకదానికి అక్షరం పెద్దది చేస్తే గీత తెగుతుంది, ఒకదాని గీత బాగుంటే అది తెరుచుకోడానికి యుగం పడుతుంది. రోజుకొకటి మార్చాను. అమ్మ ఒకదానికి అలవాటు పడేలోపు ఇంకొకటి తెచ్చాను.

"నీకు అరికాళ్లలో చక్రాలుండాయే" అని అమ్మ కొడితే తమ్ముడు పగలబడి నవ్వాడు.

చివరికి ఒకటి కుదిరింది. తేలిక. కొమ్ములు సరిగ్గా కూర్చుంటాయి. అక్షరాన్ని అరచేయంత చేసినా చెక్కుచెదరదు. ఏమీ అడగదు. కొట్టినదాన్ని తానే మెమరీలో దాచుకుంటుంది, యంత్రం ఆపగానే అన్నీ పోతాయి. అమ్మకు నచ్చింది. పొద్దున లేచేసరికి నిన్నటి తగువు ఉండదు గదా.

ఆ రోజు మధ్యాహ్నం అంగడిలో ఎవరూ లేరు. ఇంకో ఎడిటరు కూడా ఉందట, దాన్నీ చూద్దామా అని నేను ఏదో చెబుతున్నాను. అమ్మ వినలేదు. నిమ్మళంగా కొట్టింది.

"అప్పటి గొంతు రాకపోతే ఏమి చేసేదే?"

అంత పెద్ద అక్షరాల్లో ఆ మాట నా మీదికే వస్తున్నట్టు అనిపించింది. నాకు భయం వేసింది. వస్తుందమ్మా అనాలి. అది మానేసి "దీంట్లో రంగు కూడా మార్చొచ్చు, చూడు" అంటూ తెరను ఆకుపచ్చగా చేశాను. అమ్మ నా ముఖం వైపు చూసి, ఆ వాక్యాన్ని ఒక్కో అక్షరమే వెనక్కి చెరిపేసింది. ఆ సాయంత్రం బస్సులో నా ఫోనంతా వెతికాను. ఊళ్లోవాళ్ల డిస్కులన్నీ కాపాడే నా దగ్గర మా అమ్మ గొంతు రికార్డు ఒక్కటి కూడా లేదు. వాయిస్ మెసేజిలంటే ఆమెకు గిట్టదు, వీడియో తీస్తే కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోతుంది. అప్పుడర్థమైంది నేను ఎడిటర్ల వెంట ఎందుకు పరుగెత్తుతున్నానో. ఆగితే ఈ సంగతి ఆలోచించాలి.

మరుసటి రోజే ఇంకో గొడవ. మా అంగడిలో ఒక అలవాటు ఉంది, ఈ వైపు తెలుగు అంగళ్లన్నిటిలోనూ ఉండేదే. వచ్చినవాళ్లతో తమిళం, మాలో మాకు తెలుగు. గిరాకీ ఎదుట నిలబడి ఉండగానే అమ్మ గొంతు తగ్గించి, ఆయన కొనేవాడు కాడు, ఆ పాత సరుకు చూపించు అని మాకు చెప్పేది. వాళ్లకు తెలియదని మా ధీమా.

ఆ రోజు ఉడుమలైపేట వైపు నుంచి ఒకామె వచ్చింది. కొబ్బరితోటల మనిషి, ఏళ్లుగా వచ్చే గిరాకీయే, ఎప్పుడూ తమిళమే మాట్లాడేది. పైన అటక మీద ఉన్న పెద్ద ఇత్తడి అండా దించమంది. తమ్ముడు నిచ్చెన ఎక్కాడు. వాడికి పైనుంచి కనబడాలని అమ్మ ల్యాప్‌టాప్‌ను వాడి వైపు తిప్పి, అరచేయంత అక్షరాల్లో కొట్టింది. నిచ్చెన మొదట్లోనే ఆమె నిలబడి ఉందన్న ఆలోచనే అమ్మకు లేదు. తెలుగులో అనేదేదైనా మనలో మనకేనన్న ధీమా వేళ్లకు కూడా పాకినట్టుంది.

వచ్చినామె కళ్లద్దాలు సర్దుకుని పైకే చదివింది. "ఈయమ్మ సుమ్మ చూసి పోయేదానికి వచ్చుండాది. అండా దించబాక."

తడుముకోలేదు. గ, క ఎక్కడా తప్పలేదు. ఊరికే అనడానికి సుమ్మ అనే మా ఇంటి తెలుగే.

తమ్ముడు నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె మాత్రం తాపీగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మా ఇంట్లోనూ ఈ మాటే అక్కా. ఇన్నేండ్లూ మీరు చెప్పిందంతా వింటిని. మెల్లిగా చెప్తా ఉంటిరి గదా, వినపడనట్ట ఉంటిని. ఇంత పెద్ద రాతలో రాస్తే ఇంక వినపడనట్ట ఎట్ల ఉండేది?"

అమ్మ ముఖం ఎర్రబడింది. నోరు తెరుచుకుంది. క్షమించమనడానికి ఊపిరి పీల్చింది కూడా. ఒక్క గెంతు వేసి అమ్మ నోటి మీద చేయి పెట్టాను. అంత పౌరుషం గల మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు సంగతి నేనే వచ్చినామెకు చెప్పాను. అమ్మ నా చేయి తప్పించుకుని కొట్టింది. "తప్పు అయిపోయె తల్లీ. కాఫీ తాగి పో."

"కాఫీ ఇప్పుడొద్దు" అని ఆమె లేచింది. "గొంతు రానీ అక్కా, వస్తాను. ఆ అండా దించమని నీ నోటితో చెప్పు, అప్పుడు కొనుకుంటాను."

వెళుతూ తమ్ముడికి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లింది. ఆ తర్వాత నేను ఎడిటరు మార్చలేదు. కొత్త డిస్కు వచ్చినా దాన్ని వేయకుండా అలాగే పెట్టి ఉంచాను. అమ్మ మౌనం ముగిసేదాకా ఏదీ కదపాలనిపించలేదు.

చివరికి డాక్టరు గొంతులో గొట్టం వేసి చూసి గాయం మానిందన్నాడు. "ఆ" అనమన్నాడు. అమ్మ పొట్టిగా "ఆ" అంది. దాన్నిబట్టి ఏం తెలుస్తుంది? మెల్లిగా మాట్లాడవచ్చు అన్నాడు. ఆటోలో అంగడికి వచ్చేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నేనే దారిపొడవునా ఏదో వాగుతూ వచ్చాను.

తమ్ముడు ముందే ఫోను చేసినట్టున్నాడు, ఉడుమలైపేట ఆమె స్టూలు మీద కూర్చుని ఉంది. అమ్మ వచ్చి తన చోట కూర్చుంది. తమ్ముడు ఏమీ ఎరగనట్టు నిచ్చెనెక్కి పైన దుమ్ము దులుపుతున్నాడు. నేను అమ్మ పక్కనే నిలబడి వీధి వైపు చూస్తున్నాను, ఆమె ముఖం చూసే ధైర్యం లేక.

"రేయ్, ఆ అండా దించు."

లోతైన గొంతు, బరువుగా, ఇసుక రాలినట్టు. ఎవరో కొత్త గిరాకీ వచ్చారనుకుని తమ్ముడు నిచ్చెన మీద నుంచి గుమ్మం వైపు చూశాడు. నేను కూడా గుమ్మం వైపే చూశాను. పక్కన నిలబడి ఉండి కూడా.

మేమిద్దరం అటు చూడడం అమ్మ చూసింది.

ఆమె మళ్లీ నోరు తెరవలేదు. చెంచా తీసుకోలేదు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని మునుపటి వేగంతోనే కొట్టింది. అరచేయంత అక్షరాలు రెండు.

"నేనే."

ఉడుమలైపేట ఆమె ముందుగా తేరుకుంది. "వింటినక్కా. దించప్పా, మీ అమ్మ చెప్పుతుండాది గదా" అంది. తమ్ముడు అండా దించాడు. తొందరలో అది నిచ్చెనకు తగిలి, అంగడంతా మోగింది. అమ్మ ఆ కొత్త గొంతుతోనే వాణ్ణి తిట్టింది. ఈసారి ఇద్దరం ఆమె వైపే చూశాం.

అంగడి కట్టేసేటప్పుడు ల్యాప్‌టాప్ నేనే ఆపాను. మరుసటి రోజు కొత్త డిస్కు వేశాను, బిల్లులు మళ్లీ మొదలయ్యాయి. దాచమంటారా అని అడగనిదని ఏరికోరి తెచ్చిన ఎడిటరు గదా, నేను ల్యాప్‌టాప్ ఆపిన సాయంత్రం కూడా అది ఏమీ అడగలేదు, అమ్మ కొట్టిన ఆ మాట పోయింది. ఇప్పుడు అమ్మ మునుపటిలాగే రోజంతా మాట్లాడుతుంది, నాకూ ఈ గొంతే అమ్మ గొంతు. పాత గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే నా చెవికి ఏమీ అందదు. అమ్మ కొట్టిన ఆ రెండు అక్షరాలే కనిపిస్తాయి.